దొరసాని పంపూ, నా కడుపుమంటా

ఆ రోజుల్లో నాకు ఏ మనిషి మీదా లేనంత కుళ్ళు ఒక పంపు మీద ఉండేది. నీళ్ళ పంపు కాదు, సైకిలుకి గాలి కొట్టే పంపూ కాదు. కారు ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకి అందించే, రెండు గుప్పిళ్ళంత పంపు. మనిషి మీద కుళ్ళుకునేవాడికి కనీసం చెప్పుకునే వీలుంటుంది. వాడికి మేడ ఉంది నాకు లేదు, వాడికి ఉద్యోగం వచ్చింది నాకు రాలేదు అని నలుగురిలో ఏడవవచ్చు. పంపుని చూస్తే కడుపు మండుతోందని ఎవరితో చెప్పుకుంటాం? (నేను చెప్పాను. మా అమ్మతో. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "దవాఖానకు పోదాం పా బిడ్డా" అంది.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం అన్నం సహించేది కాదు.

ఉప్పల్లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, ఏదో ఒక ఆటో పట్టుకుని నాచారం చేరేసరికి ముఖం సిమెంటు రంగుకి తిరిగేది. నాచారం ఫ్యాక్టరీల మధ్య ఒక సందులో మా ఉస్తాద్ మెకానిక్ షెడ్డు. ఇంటర్‌లో లెక్కలు నన్ను వదిలేశాక నేను వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాను. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి ఏ బండి పనైనా సగం వరకు చేయగలిగేవాణ్ణి. మిగతా సగం ఉస్తాద్ వచ్చి, ముందు నన్ను తిట్టి, తర్వాత చేసేవాడు. అలాంటి నాకు కూడా లోకంలో ఒక గొప్ప ఉండేది. ఆ గొప్ప పేరు దొరసాని.

దొరసాని అంటే పెద్దసారు కారు. పెద్దసారు హబ్సిగూడలో ఉండేవారు, ఏదో సైన్సు ల్యాబులో చేసి రిటైరయ్యారు. కారు మాత్రం ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు విలాయత్‌లో తయారైనది. (కంపెనీ పేరు చెప్పను. చెప్తే మీరు ఫోన్లో దాని ఫోటో వెతుక్కుంటూ నన్ను మరచిపోతారు.) లోపల అద్దంలా మెరిసే చెక్క, తోలు సీట్లు, ముందు సీట్లో కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టే. డిక్కీలో అటొకటి ఇటొకటి రెండు పెట్రోలు ట్యాంకులు, ఒక్కో ట్యాంకుకి ఒక్కో పంపు. స్టీరింగు పక్కనున్న చిన్న స్విచ్చి ఇటు నొక్కితే ఎడమ ట్యాంకు, అటు నొక్కితే కుడి ట్యాంకు. ఇంత వైభవానికీ ఒక్కటే జబ్బు. ఆ పంపుల్లో రెండు చిన్న బిళ్ళలుంటాయి. అవి తగులుతూ విడిపోతూ టక్ టక్ టక్ అని కొట్టుకుంటుంటేనే పెట్రోలు కదులుతుంది. వయసు మీదపడి ఆ బిళ్ళలు అతుక్కుపోయేవి. టక్‌టక్ ఆగేది. నాలుగు దగ్గులు దగ్గి దొరసాని నడిరోడ్డు మీద నిలబడిపోయేది. ఎడమది ఆగితే స్విచ్చి కుడికి నొక్కి నాలుగడుగులు పోయేలోపు అదీ ఆగేది, మంచి ముహూర్తమైతే రెండూ ఒకేసారి.

దానికి వైద్యం చాలా తేలిక. డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ చెక్కపిడితో పంపు నెత్తిన తట్టాలి. అయితే ఎంత తట్టాలన్నది విద్య. ఉస్తాద్ తడితే పంపు సొట్టపోయేది. పెద్దసారు తడితే, ఎవరింటి తలుపో మొహమాటపడుతూ తట్టినట్టుండేది, అది పలికేది కాదు. నేను మెల్లగా రెండు, కొంచెం గట్టిగా ఒకటి తట్టేవాణ్ణి. వెంటనే టక్ టక్ టక్. ఎందుకో నాకూ తెలియదు. పెద్దసారు ముచ్చటపడి నాకు 'డాక్టర్' అని పేరు పెట్టారు. ఇక ఆయన ఎక్కడికి వెళ్ళినా ఉస్తాద్‌కి ఫోను చేసి "డాక్టర్‌ని పంపండి" అనేవారు. నేను ఉతికిన చొక్కా వేసుకుని, ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని ఉప్పల్ చౌరస్తా దాటేవాణ్ణి. అప్పుడు బస్‌స్టాపులో తెలిసినవాళ్ళెవరూ లేకపోతే ప్రాణం ఉసూరుమనేది.

ఒకసారి పెద్దసారు స్నేహితుడి కొడుకు పెళ్ళికి దొరసానిని అడిగారు. అంబర్‌పేట్‌లో బారాత్. పెళ్ళికొడుకు వెనక సీట్లో, నేను ముందు సీట్లో. బ్యాండు మంచి ఊపులో ఉండగా బండి ఆగింది. నేను దిగాను, డిక్కీ తెరిచాను, మూడు దెబ్బలు వేశాను. ఇంజను పలికింది. డాన్సు చేస్తున్నవాళ్ళు అది కూడా బారాత్‌లో భాగమనుకుని ఈలలు వేశారు. ఆ ఈలలు నాకేనని వారం రోజులు షెడ్డులో చెప్పుకున్నాను. (భోజనాల దగ్గర ఒకాయన నా విస్తరి చూసి, "క్లీనర్ తమ్మికి ఇంకొంచెం బిర్యానీ ఎయ్యుండ్రి" అన్నాడు. ఈ ముక్క మాత్రం షెడ్డులో చెప్పలేదు.)

ఇంత సుఖంగా ఉన్నవాడి కంట్లో నలుసు పడింది. ఆ నలుసు పేరు డిప్లమా. ఘట్‌కేసర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణంలో బండ్ల వైర్ల పని చేసేవాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళది కాకినాడ వైపు, నాన్నకి మౌలాలిలో రైల్వే ఉద్యోగం. పాలిటెక్నిక్ పాసయ్యాడు కాబట్టి ఉస్తాద్ వాణ్ణి డిప్లమా అనేవాడు, నేను మనసులో ఇంకోటి అనేవాణ్ణి. వాడు ఒకరోజు పెద్దసారుకి ఒక కేటలాగు చూపించాడట. మనవాటి లాంటి పంపులే, పైకి తేడా ఏమీ లేదు, కానీ లోపల బిళ్ళలు లేవు, ఎలక్ట్రానిక్. అతుక్కోవడం అనేదే ఉండదు. పెద్దసారు రెండు పంపులకీ ఆర్డరు పెట్టకుండా ఒక్కదానికే పెట్టారు. ఆయన సైంటిస్టు కదా, ఏదైనా ఒక పద్ధతిగా చేస్తారు.

"ఫేజ్ వన్, ఎడమ పంపు మారుస్తాం," అన్నారు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని. "కుడివైపు పాతదే ఉంటుంది. మూడు నెలలు రెండిటినీ పోల్చి చూస్తాం. బాగుంటే ఫేజ్ టూ, కుడిది కూడా మారుస్తాం."

"మరి ఫేజ్ త్రీ ఏంది సార్?" అన్నాను.

"ఫేజ్ త్రీ ఏముంది డాక్టర్, హాయిగా తిరగడమే."

ఎవరు తిరగడం? ఆగని బండికి డాక్టరెందుకు? ఫేజ్ త్రీ అంటే నేను కిందికి దిగడమని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. డిప్లమా అట్టపెట్టెలోంచి ఆ కొత్త పంపుని తీసి, కొత్తకోడలి నగలు చూపించినట్టు అందరికీ చూపిస్తుంటే నా ఒళ్ళు భగ్గుమంది. "గిది ఎన్ని రోజులు నడుస్తది?" అన్నాను. "పదేళ్ళు చూడక్కర్లేదన్నా" అన్నాడు. "తట్టాల్సిన పని లేదా?" అంటే, "అస్సలు లేదన్నా" అని సంతోషంగా నవ్వాడు. మంచివాడు నవ్వినా మన కుళ్ళుకి అది వెక్కిరింపులాగే కనిపిస్తుంది.

శనివారం పొద్దున పంపు బిగించే పని పెట్టుకున్నారు. పెద్దసారూ ఉస్తాదూ సందు చివర చాయ్ తాగడానికి వెళ్ళారు. డిక్కీ దగ్గర నేనూ డిప్లమా మిగిలాం. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మామూలు బండ్లలో బ్యాటరీ మైనస్ వైరుని బండి ఒంటికి కలుపుతారు, దాన్నే ఎర్త్ అంటాం. దొరసానికి పుట్టుకతోనే అది ఉల్టా, ప్లస్ వైరు ఒంటికి. పాత పంపుకి ఏ వైరు ఎటు కలిపినా ఫికర్ లేదు, టక్‌టక్‌మనేది. కొత్తదాని లోపల ఎలక్ట్రానిక్ ముక్క ఉంది, వైర్లు తారుమారైతే కాలిపోతుంది. ఈ మాట దాని పెట్టె మీదే ఇంగ్లీషులో రాసుంది. నేను ముందురోజే కూడబలుక్కుని చదివాను. (కుళ్ళు మనిషికి ఇంగ్లీషు కూడా నేర్పుతుంది.)

డిప్లమా వైర్లు చేత్తో పట్టుకుని, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అన్నా, ఈ బండి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఎర్త్ ఎలా ఉంటుంది దీనికి?"

నేను ఎటో చూస్తూ అన్నాను, "ఎప్పటి లెక్కనే."

ఈ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. దొరసానికి ఎప్పటి లెక్క అంటే ఉల్టాయే. లోకంలోని మిగతా బండ్లకి ఎప్పటి లెక్క అంటే సీదా. వాడు లోకాన్ని నమ్మాడు, నన్నూ నమ్మాడు. "ఓకే అన్నా" అని నల్ల వైరు, అంటే మైనస్, ఒంటికి బిగించాడు. నోరు తెరవడానికి నాకు మూడు నిమిషాల టైముంది. వాడు స్క్రూ బిగిస్తున్నంతసేపూ ఉంది, ముందుకు వెళ్ళి తాళంచెవి తిప్పేదాకా ఉంది. నేను తెరవలేదు. తాళం తిప్పాడు. పంపు ఒక్కసారి గుర్రుమంది, సన్నగా పొగ వచ్చింది, కాలిన ప్లాస్టిక్కు వాసన షెడ్డంతా నిండింది. అంతే. పదేళ్ళు చూడక్కర్లేని పంపు పది సెకన్లు కూడా బతకలేదు.

చాయ్ తాగి వచ్చినవాళ్ళు వాసనకే ఆగిపోయారు. పెద్దసారు డిక్కీలోకి వంగి చూసి, "మైనస్ ఒంటికి ఎందుకు కలిపావు నాయనా? ఇది ఉల్టా బండి. నీకెవరూ చెప్పలేదా?" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. డిప్లమా నా ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణమే.

"అన్న చెప్పారండి. నేనే సరిగ్గా వినలేదు."

వాడు చెయ్యెత్తి నన్ను కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. పెద్దసారు కాలిన పంపుని అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఉస్తాద్ మాత్రం నన్ను గ్రైండర్ వెనక్కి పిలిచాడు.

"గా పోరడు నిన్ను అడిగిండా?"

"అడిగిండు ఉస్తాద్."

"నువ్వేం జెప్పినవ్?"

"ఎప్పటి లెక్కనే అన్న."

ఆయన చేతిలోని రెంచి కింద పెట్టాడు. "అబద్ధం జెప్తే ఒక చెంపదెబ్బతోని పోతుండె. నిజం జెప్పి ముంచినవ్ సూడు, గందుకే నాకు నీతోని మాట్లాడబుద్దయితలేదు," అన్నాడు. నిజంగానే నాలుగు రోజులు మాట్లాడలేదు, తిట్టలేదు కూడా. తిట్లు లేని షెడ్డులో పని చేయడం ఎంత కష్టమో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

నేను కోరుకున్నది నాకు దక్కింది. కొత్త పంపు మళ్ళీ తెప్పించాలంటే నెలలు పడుతుంది. తీసిన పాత పంపునే తిరిగి బిగించాం. దొరసాని మళ్ళీ ఎక్కడపడితే అక్కడ ఆగేది, నేను మళ్ళీ ముందు సీటెక్కాను. కానీ ఆ సీటు అంతకు ముందులా మెత్తగా లేదు. ఎవరైనా ఎక్కడైనా 'పొగ' అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఇంతలో ఉస్తాద్ ఒక వార్త తెచ్చాడు. డిప్లమా వైర్ల పని మానేశాడట. వాళ్ళ యజమాని పొమ్మనలేదు, వాడే "నాకు చేతకాదండీ" అని కౌంటర్ దగ్గర కూర్చుని బ్యాటరీలు అమ్ముతున్నాడట. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు నేర్చుకున్న విద్యని నా రెండు మాటలు నమ్మి వదిలేశాడు. ఆ రోజు మధ్యాహ్నం మా అమ్మ పెట్టిన డబ్బా తెరిచి, మళ్ళీ మూసేశాను.

ఆ వారమే ఉప్పల్ రింగురోడ్డు మధ్యలో దొరసాని ఆగింది. నాలుగు వైపులా హారన్లు, బస్సుల్లోంచి తలలు, ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిలు. ఇలాంటి జనం కోసం నేను కలలు కనేవాణ్ణి. దిగి, డిక్కీ తెరిచి, మూడు దెబ్బలు వేశాను. టక్ టక్ టక్. ఎవరో "శభాష్ అన్నా" అని కూడా అరిచారు. నాకు ఏడుపొచ్చింది. వచ్చి సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, "సార్, గా రోజు పంపు కాలబెట్టింది నేనే," అన్నాను. ఎప్పటి లెక్కన్న మాట, దాని రెండర్థాలు, పెట్టె మీద ముందే చదివిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఎందుకు చేశానో చెప్పడానికి మాత్రం సిగ్గేసింది. "ఈ సీటు పోతదని సార్" అన్నాను చివరికి.

పెద్దసారు బండి కదిలించారు. బోడుప్పల్ మలుపు దగ్గర బండి పక్కకి ఆపారు. "దిగు," అన్నారు. ఇంటికి నడిచి పొమ్మంటున్నారని అనుకుని దిగాను. "వెనక కూర్చో. నువ్వు పక్కనుంటే నాకు బండి నడపబుద్ధి కావడం లేదు," అన్నారు. అలా నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా ఘట్‌కేసర్ రోడ్డు పట్టారు. శిక్ష ఎలా పడిందో చూడండి. అంత పెద్ద కారులో వెనక సీట్లో ఒక్కణ్ణే, ముందు తెల్ల జుట్టాయన బండి నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఒక స్కూటరాయన నాకు నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టాను. ఏం చేయమంటారు?

దుకాణం ముందు బండి ఆగగానే డిప్లమా ఎవరో పెద్ద గిరాకీ వచ్చిందనుకుని పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తెరిచాడు. లోపల నేను. దిగి, వాడి ముందు నిలబడి, జరిగింది చెప్పాను. "నీ తప్పేం లేదు తమ్మీ. నాదే. కావాలనే జెప్పలే. నువ్వొస్తే నన్ను బండెక్కనియ్యరని కడుపు మండింది."

వాడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. వాడు చేతిలో ఉన్న గుడ్డతో తలుపు పిడి తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"మీ ముఖం చూడగానే నాకు తెలిసిపోయిందన్నా. సార్ ముందు ఎందుకు చెప్పలేదంటే... ఆ కేటలాగు నేను సార్‌కి ఎందుకు చూపించాననుకున్నారు? ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడితే మీరు ముందు సీట్లో వెళ్తూ కనిపించేవారు, చెయ్యి బయట పెట్టుకుని. ఈయన పని పట్టాలి అనుకున్నాను. వెతికి వెతికి ఆ పంపు పట్టుకున్నాను. అందుకే ఆ తర్వాత వైర్లు ముట్టుకోబుద్ధి కాలేదు."

అన్నాళ్ళూ బస్‌స్టాపులో తెలిసినవాళ్ళెవరూ చూడటం లేదని నేను ఉసూరుమన్నాను గానీ, కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసేవాడు ఒకడు అక్కడే ఉన్నాడు! నాకు ముందు సంతోషమేసింది, ఆ తర్వాత సిగ్గేసింది. నిజమే చెప్తున్నాను, ఆ వరసలోనే. పెద్దసారు కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ ఇద్దరిదీ అయిపోతే ఫేజ్ వన్ మళ్ళీ మొదలుపెడదాం," అన్నారు.

కొత్త పంపు వచ్చినరోజు వైర్లు నేను పట్టుకున్నాను, డిప్లమా బిగించాడు. "ప్లస్ ఒంటికి" అని నేను మూడుసార్లు పైకే అన్నాను, వాడు మూడుసార్లూ "ప్లస్ ఒంటికి" అన్నాడు. అది విని ఉస్తాద్, "పెండ్లి మంత్రాలు జదువుతున్నర్రా?" అని తిట్టాడు. ఆ తిట్టు వినేసరికి ప్రాణం కుదుటపడింది. మూడు నెలలకి కుడి పంపు కూడా మార్చాం. దొరసాని ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. పెద్దసారు కొన్నాళ్ళు నన్నూ డిప్లమానీ సరదాకి పిలిచారు. తర్వాత ఎప్పుడైనా పిలిచారు. తర్వాత పిలవలేదు. ఆయన్ని ఏమనగలం, ఒంట్లో బాగున్నవాళ్ళు డాక్టర్ని తలుచుకోరు కదా. డిప్లమా మళ్ళీ వైర్ల పనిలో పడ్డాడు, ఇప్పుడు వాడికి సొంత షాపు ఉంది. నాకు కూడా నాచారంలోనే ఒక చిన్న షెడ్డు ఉంది. పెద్దసారు పోయారు. కారు ఎవరో తీసుకున్నారని విన్నాను.

మొన్న ఆదివారం ఉప్పల్లో సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపి ఉన్నాను, వెనక మా ఆవిడ. పక్క వరసలోకి దొరసాని వచ్చి నిలబడింది. రంగు మార్చారు గానీ నేను గుర్తుపట్టనా? నడిపేది ఎవరో కుర్రాడు. చెవి అటే వేసి విన్నాను, ఇంజనుకి చిన్న దగ్గు కూడా లేదు. ఒక్కసారి ఆగిపోతే బాగుండునని, ఆ కుర్రాడు దిగి దిక్కులు చూస్తే బాగుండునని, ముప్పై ఐదు దాటి, కణతల దగ్గర జుట్టు నెరిసిన మనిషిని, నిజంగా మనసులో దండం పెట్టుకున్నాను. పచ్చలైటు పడింది. అది కదల్లేదు. స్కూటర్ స్టాండు వేసి, ఒక కాలు అటు వేశాను కూడా. ఆ కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని, గేరు వేసి, మెత్తగా వెళ్ళిపోయాడు. నాకు వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి.

"ఏమైంది? గా కారోళ్ళు నీకు ఎర్కనా?" అంది మా ఆవిడ.

"ఎర్క లేదు. బండి ఆగిందేమో అనుకున్న."

"ఆగితే నీకేంది?"

నవ్వొచ్చింది. స్టాండు తీసి స్కూటర్ కదిలించాను.